కెనడాలో చదువు నుంచి పీఆర్ దాకా: ఏ తేదీకి ఏ కాగితం

"అక్కా, కోర్సు అయిపోవచ్చింది. పీఆర్‌కి ఇప్పుడేం మొదలుపెట్టాలి?" ఏప్రిల్‌లో సెమిస్టర్ ముగిసేటప్పుడు ఒకసారి, డిసెంబర్‌లో మరోసారి ఈ ప్రశ్న నాకు వరసగా వస్తుంది. పీఆర్ అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, కెనడాలో శాశ్వతంగా ఉండే హక్కు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పేసరికి ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నా.

పీఆర్‌కి ఎంపిక చేయడానికి లెక్కేసే పాయింట్లు చాలక ఆగినవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ పాయింట్లు ఉండి కూడా ఒక తేదీ దాటబెట్టుకున్నవాళ్లు, ఒక ఉత్తరం సరిగ్గా రాయించుకోక వెనక్కొచ్చినవాళ్లు నాకు అంతకంటే ఎక్కువమంది తెలుసు. కాబట్టి ఇందులో పాయింట్ల కన్నా తేదీల గురించే ఎక్కువ ఉంటుంది.

ఇది ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (పాయింట్లను బట్టి పీఆర్‌కి పిలిచే కెనడా పద్ధతి) లోని కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్, అంటే కెనడాలో చేసిన ఉద్యోగం ఆధారంగా వెళ్లే సీఈసీ దారి. క్యూబెక్‌లో స్థిరపడాలనుకునేవాళ్లకు ఇది వర్తించదు, ఆ ప్రావిన్సు సొంత పద్ధతి వేరు. నిబంధనలు తరచూ మారతాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజు ప్రతి అంకెనూ కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ సైట్‌లో సరిచూసుకోండి.

దగ్గర ఉండాల్సినవి

- పాస్‌పోర్టు, దాని గడువు తేదీ
- స్టడీ పర్మిట్, ప్రతి సెమిస్టర్ ట్రాన్స్‌క్రిప్ట్, కోర్సు పూర్తయినట్టు కాలేజీ ఇచ్చే లెటర్
- ఇంగ్లిష్ టెస్ట్ ఫలితం
- ఇండియా డిగ్రీకి ఈసీఏ రిపోర్టు, అంటే అది కెనడాలో ఏ చదువుకి సమానమో చెప్పే కాగితం (అందరికీ అక్కర్లేదు, ఎవరికి కావాలో 6వ మెట్టులో చెప్తా)
- ఉద్యోగపు ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు), టీ4లు (యజమాని ఏడాదికోసారి ఇచ్చే జీతం, పన్ను కాగితం), నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్లు (పన్ను శాఖ పంపే లెక్క)
- పోలీస్ సర్టిఫికెట్, మెడికల్
- ఒక ఎక్సెల్ షీట్. వీటన్నిటికంటే ముందు ఇదే.

1. షీట్ తెరవండి

పీఆర్ ఫారాల్లో గత పదేళ్ల చరిత్ర అడుగుతారు. ఎక్కడున్నారు, ఏం చేశారు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది మధ్యలో ఒక్క నెల ఖాళీ లేకుండా రాయాలి. బీటెక్ అయ్యాక ఆర్నెల్లు ఇంట్లో కూర్చుని ఐఈఎల్‌టీఎస్‌కి చదివితే అదీ రాయాలి, ఉద్యోగం లేదని చెప్పడం తప్పేమీ కాదు. ఖాళీ వదిలేయడమే తప్పు. అద్దె ఇళ్ల చిరునామాలు, దేశం దాటిన ప్రతి ప్రయాణం ఇప్పటినుంచే ఎక్కించండి. నాలుగేళ్ల తర్వాత ఆ బేస్‌మెంట్ ఇంటి నంబరు ఎవరికీ గుర్తుండదు.

అదే షీట్‌లో ఇంకో పేజీ పెట్టి నాలుగు గడువులు రాయండి: పాస్‌పోర్టు, స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్, ఇంగ్లిష్ టెస్ట్.

2. చదువుతుండగానే చెడగొట్టుకోకండి

పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్, అంటే పీజీడబ్ల్యూపీ, జీవితంలో ఒక్కసారే వస్తుంది. అది రావాలంటే చివరి సెమిస్టర్ మినహా ప్రతి సెమిస్టర్‌లో ఫుల్‌టైమ్ విద్యార్థిగానే ఉండాలి. ఒక సబ్జెక్ట్ కష్టంగా ఉందని మధ్యలో డ్రాప్ చేసి పార్ట్‌టైమ్‌లోకి జారిపోయేవాళ్లు ఉంటారు. డ్రాప్ బటన్ నొక్కేముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

క్యాంపస్ బయట పని వారానికి 24 గంటలు దాటకూడదు. ఈ పరిమితి 2024 నవంబర్ 8 నుంచి ఉంది. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు.

2024 నవంబర్ 1 నుంచి స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టి కాలేజీ డిప్లొమాలో చేరినవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మీ ప్రోగ్రాం ఐఆర్‌సీసీ ఒప్పుకున్న రంగాల జాబితాలో ఉందో లేదో. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకు ఈ షరతు లేదు. పబ్లిక్ కాలేజీ పేరు మీద ప్రైవేట్ కాలేజీ నడిపే ప్రోగ్రాంలలో 2024 మే 15 నుంచి చేరినవాళ్లకు అసలు పీజీడబ్ల్యూపీయే లేదు. ఫీజు కట్టాక తెలిసే సంగతి కాకూడదిది.

3. పీజీడబ్ల్యూపీ పెట్టండి, ముందు పాస్‌పోర్టు చూడండి

నేను చేసిన తప్పు చెప్తా. నాకు మూడేళ్ల వర్క్ పర్మిట్ రావాలి. చేతికొచ్చింది ఏడాది ఎనిమిది నెలలకు. ఆఫీసర్ పొరపాటేమీ లేదు, నా పాస్‌పోర్టు గడువే అంతవరకు ఉంది. పాస్‌పోర్టు గడువు దాటి పర్మిట్ ఇవ్వరు. మిగతా కాలం కోసం పాస్‌పోర్టు రెన్యూ చేయించి మళ్లీ దరఖాస్తు పెట్టుకున్నాను, ఆ టెన్షన్ వేరే కథ. చివరి సెమిస్టర్ మొదలయ్యేలోపు పాస్‌పోర్టులో కనీసం మూడున్నరేళ్లు మిగిలి ఉన్నాయో లేదో చూసుకోండి.

ఎంతకాలం వస్తుందంటే: 8 నెలల నుంచి రెండేళ్ల లోపు ప్రోగ్రాంకి ప్రోగ్రాం ఎంతో అంత. రెండేళ్లు, ఆ పైన అయితే మూడేళ్లు. మాస్టర్స్ రెండేళ్ల కంటే తక్కువున్నా మూడేళ్లు వస్తుంది, ఇది 2024 ఫిబ్రవరి 15న మొదలైంది.

గడువు: కోర్సు పూర్తయినట్టు కాలేజీ లెటర్ లేదా ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చిన రోజు నుంచి 180 రోజులు. కాన్వొకేషన్ రోజు నుంచి కాదు! గౌను వేసుకుని ఫొటో దిగాక పెడదామనుకుంటే నెలలు గడిచిపోతాయి. పైగా కోర్సు పూర్తయిన 90 రోజులకు స్టడీ పర్మిట్ చెల్లకుండా పోతుంది, దాని మీద అంతకంటే తర్వాతి తేదీ ఉన్నా సరే. అందుకని 180 మర్చిపోయి 90 గుర్తుపెట్టుకోండి. స్టడీ పర్మిట్ చెల్లుతుండగానే దరఖాస్తు పెట్టి, చదువుతున్నప్పుడు పనికి అర్హత ఉన్నవాళ్లైతే, నిర్ణయం వచ్చేదాకా ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చు.

2024 నవంబర్ 1 నుంచి దీనికి ఇంగ్లిష్ ఫలితం కూడా జత చేయాలి. యూనివర్సిటీ డిగ్రీకి సీఎల్‌బీ (కెనడాలో భాషా స్థాయిని కొలిచే పద్ధతి) 7, కాలేజీ డిప్లొమాకి సీఎల్‌బీ 5. అడ్మిషన్ కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇక్కడ పనికిరాదు. జనరల్ ట్రైనింగ్, సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్, వీటిలో ఒకటి ఉండాలి.

పర్మిట్ రాగానే చూడాల్సినవి: పేరు స్పెల్లింగ్, గడువు తేదీ, షరతులు. తర్వాత మీ సిన్ (పనికి, పన్నుకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) గడువు. 9తో మొదలయ్యే సిన్‌కి గడువుంటుంది, పర్మిట్ మారినప్పుడల్లా సర్వీస్ కెనడాలో పొడిగించుకోవాలి.

4. ఉద్యోగం ఏ కోడ్ కిందికి వస్తుందో తేల్చుకోండి

సీఈసీకి లెక్కలోకి వచ్చేది టీర్ 0, 1, 2, 3 ఉద్యోగాలే. టీర్ అంటే ఉద్యోగానికి కావాల్సిన చదువు, శిక్షణల స్థాయి. ప్రతి ఉద్యోగానికీ అయిదంకెల ఎన్‌ఓసీ (కెనడా ఉద్యోగాల వర్గీకరణ) కోడ్ ఉంటుంది. అందులో రెండో అంకె చూడండి, అదే టీర్. సాఫ్ట్‌వేర్ డెవలపర్ 21232, రెండో అంకె 1, బావుంది. వంటవాడు 63200, అది 3, పర్లేదు. షాపులో సేల్స్‌పర్సన్ 64100, అది 4. ఫుడ్ కౌంటర్ 65201, అది 5. చివరి రెండిటిలో మూడేళ్లు చేసినా సీఈసీకి ఒక్క రోజు కూడా కలవదు.

ఇక్కడే ఎక్కువమంది పడతారు. "నా ఆఫర్ లెటర్‌లో సూపర్‌వైజర్ అని ఉంది" అంటారు. హోదా పేరుతో పనిలేదు, మీరు రోజూ చేసే పని ఎన్‌ఓసీలో ఆ కోడ్ కింద రాసిన పనులతో కలవాలి. సూపర్‌వైజర్ అయితే షిఫ్టులు వేయడం, కొత్తవాళ్లకు నేర్పడం, స్టాక్ ఆర్డర్ చూడటం లాంటివి మీరు నిజంగా చేస్తూ ఉండాలి. కాగితం మీద సూపర్‌వైజర్, కౌంటర్‌లో క్యాషియర్ అయితే దాన్ని తప్పుడు సమాచారం కింద లెక్కేస్తారు. అలా తేలితే అయిదేళ్లు కెనడాకి దరఖాస్తే పెట్టనివ్వరు.

ఐటీ వాళ్లకు ఒక హెచ్చరిక. కాంట్రాక్ట్ మీద చేరుతున్నప్పుడు మీరు ఉద్యోగియా, స్వతంత్ర కాంట్రాక్టరా అన్నది చేరకముందే అడగండి. సొంతంగా ఇన్‌వాయిస్ పంపి డబ్బు తీసుకుంటే అది స్వయం ఉపాధి, సీఈసీలో చెల్లదు. ఏడాది చివర టీ4 రాకుండా టీ4ఏ (జీతం కాని చెల్లింపులకు ఇచ్చే కాగితం) చేతికొస్తే అప్పుడే అనుమానం రావాలి.

5. ఏడాదిని సరిగ్గా లెక్కపెట్టండి

కావాల్సింది గత మూడేళ్లలో ఒక ఏడాది, అంటే 1,560 గంటలు. వారానికి 30 గంటలు ఫుల్‌టైమ్ కింద లెక్క. వారానికి 45 గంటలు చేసి ఎనిమిది నెలల్లో ముగిద్దామంటే కుదరదు, 30 దాటిన గంటలు లెక్కలోకి రావు. వారానికి 15 గంటల చొప్పున రెండేళ్లయినా సరే, రెండు ఉద్యోగాలు కలిపి 30 అయినా సరే.

ఫుల్‌టైమ్ చదువుతూ చేసిన పని, కో-ఆప్ (కోర్సులో భాగంగా చేసే ఉద్యోగం) సహా, ఇందులో కలవదు.

ఉదాహరణకి 2024 జూన్ 10న చేరారు. జీతం లేని సెలవులేమీ పెట్టకపోతే 2025 జూన్ 9కి ఏడాది నిండుతుంది. మధ్యలో ఊరెళ్లి మూడు వారాలు జీతం లేని సెలవు పెట్టారనుకోండి, అప్పుడు జూన్ 30 దాకా ఆగాలి. జీతంతో ఇచ్చే మామూలు సెలవులకు భయం లేదు. నేనైతే లెక్క తేలిన రోజుకి ఇంకో వారం కలుపుకుంటా. రెండు రోజులు తక్కువై ఫైలు వెనక్కొస్తే ఆ వారం ఎంత చవకో అప్పుడు అర్థమవుతుంది.

6. ఇంగ్లిష్, ఈసీఏ

సీఎల్‌బీ 9 లక్ష్యంగా పెట్టుకోండి. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో అది లిజనింగ్ 8, మిగతా మూడూ 7. ఓవరాల్ బ్యాండ్ ఎంతొచ్చినా ఇక్కడ ఎవరూ చూడరు, నాలుగూ విడివిడిగా లెక్కిస్తారు. చాలామందికి లిజనింగ్ 7.5 దగ్గర ఆగుతుంది, అది సీఎల్‌బీ 8. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ప్రొఫైల్ వేసే రోజుకే కాదు, ఇన్విటేషన్ (దరఖాస్తు పెట్టమని ఐఆర్‌సీసీ పిలుపు) వచ్చాక పీఆర్ దరఖాస్తు సమర్పించే రోజుకీ చెల్లాలి.

ఈసీఏ విషయంలో అనవసరంగా డబ్బు పోసేవాళ్లూ ఉన్నారు, అవసరమై మానేసేవాళ్లూ ఉన్నారు. కెనడా డిగ్రీకి ఈసీఏ అక్కర్లేదు. కెనడాలో మాస్టర్స్ చేసి, ఇండియాలో బీటెక్ మాత్రమే ఉంటే మాస్టర్స్‌కి వచ్చే 135 పాయింట్లే ఎక్కువ, బీటెక్ ఈసీఏతో పెరిగేది ఏమీ లేదు. కానీ కాలేజీలో రెండేళ్ల పీజీ డిప్లొమా చేసినవాళ్లకు ఇది ప్రాణం. డిప్లొమాకి 98. నాలుగేళ్ల బీటెక్ ఈసీఏ జతచేస్తే రెండు చదువుల కింద 128. దానికి అనుబంధంగా పెరిగేవి కూడా కలిపితే తేడా 40 దాటుతుంది.

ఈసీఏకి యూనివర్సిటీ నుంచి కాగితాలు కదలడానికే నెలలు పట్టొచ్చు, ఉద్యోగంలో చేరిన నెలలోనే మొదలుపెట్టండి. మనవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీయే. రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి సిద్ధం చేసుకుని, ఫారాల్లో మాత్రం ఎప్పుడూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. వాడుకలో వేరే పేరుంటే "ఇతర పేర్లు" గడిలో చూపండి.

7. ప్రొఫైల్ వేసి పాయింట్లు చూడండి

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్ 12 నెలలు ఉంటుంది. ముందు ఐఆర్‌సీసీ సైట్‌లోని సీఆర్‌ఎస్ (ఈ పాయింట్ల పద్ధతి పేరు) కాల్క్యులేటర్‌లో లెక్క చూడండి. పెళ్లి కాని 27 ఏళ్ల మనిషి, కెనడా మాస్టర్స్, ఇక్కడ ఏడాది ఉద్యోగం, బయట అనుభవం లేదు అనుకుందాం. వయసు 110, చదువు 135, సీఎల్‌బీ 9కి 124, ఉద్యోగం 40, కెనడా చదువుకి అదనంగా 30, చదువుని భాషతోనూ పనితోనూ కలిపి చూసినందుకు 50. మొత్తం 489. అన్నిటిలో సీఎల్‌బీ 8 దగ్గరే ఆగితే 457.

2025లో సీఈసీ డ్రాల (పాయింట్లు ఎక్కువున్నవాళ్లను ఇన్విటేషన్‌కి ఎంచే విడతలు) కటాఫ్ 500 పైనే నడిచింది. అంటే పై మనిషికి మాస్టర్స్ ఉన్నా, మంచి ఇంగ్లిష్ ఉన్నా ఇంకా ఏదో ఒకటి కావాలి. ఏం చేయొచ్చంటే:

సీఎల్‌బీ 10కి ఎక్కితే 12 పెరుగుతాయి. రెండో ఏడాది ఉద్యోగం నిండితే 13. చిన్నవే, కానీ 30 పుట్టినరోజు నుంచి వయసు పాయింట్లు ఏటా కరగడం మొదలవుతుంది కాబట్టి ఆలస్యం చేస్తే ఇవి అటే పోతాయి.

ఫ్రెంచ్. నాలుగు విభాగాల్లోనూ స్థాయి 7 వస్తే పై మనిషికి 62 పాయింట్లు, మొత్తం 551. పైగా ఫ్రెంచ్ వాళ్లకు విడిగా డ్రాలు పెడతారు, వాటి కటాఫ్ సీఈసీ కంటే బాగా తక్కువ. టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా రాయాలి. సున్నా నుంచి అక్కడికి చేరడానికి ఏడాది పైన కష్టపడాలి, మూడు నెలల్లో నేర్పుతామనేవాళ్లను నమ్మకండి. చదువు మొదటి సెమిస్టర్‌లో మొదలుపెట్టగలిగితే ఇంతకంటే మంచి పెట్టుబడి నాకు తెలీదు.

ప్రావిన్షియల్ నామినేషన్ (ఒక ప్రావిన్సు మిమ్మల్ని ఎంచి సిఫారసు చేయడం) వస్తే 600 పాయింట్లు, ఇక కటాఫ్ గోల లేదు. ప్రతి ప్రావిన్సుకీ సొంత షరతులు, ఎక్కువ వాటికి ఆ ప్రావిన్సులోనే ఉద్యోగం ఉండాలి.

నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్‌లలో కనీసం రెండేళ్ల కోర్సు చేసినవాళ్లకు అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ ప్రోగ్రాం ఉంది. చదువు ముగియడానికి ముందు రెండేళ్లలో 16 నెలలు అక్కడే ఉండి ఉంటే పని అనుభవం అడగరు, గుర్తింపు పొందిన యజమాని ఆఫర్ కావాలి.

ఎల్‌ఎంఐఏ (విదేశీయుల్ని పనిలో పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి) కొనమని ఎవరైనా వస్తే ఒక్క సంగతి చెప్పి పంపించండి. ఉద్యోగ ఆఫర్‌కి ఇచ్చే సీఆర్‌ఎస్ పాయింట్లు 2025 మార్చి 25నే తీసేశారు. లేని పాయింట్లు అమ్ముతున్నారు, కొనడం ఎలాగూ చట్టవిరుద్ధం.

8. ఇన్విటేషన్ రాకముందే కాగితాలు కట్టేయండి

ఇన్విటేషన్ వచ్చాక 60 రోజులే ఉంటాయి. ఆ 60లో పోలీస్ సర్టిఫికెట్ కోసం పరుగెత్తడం మొదలుపెడితే నిద్ర ఉండదు. 18 ఏళ్లు నిండాక, గత పదేళ్లలో వరసగా ఆరు నెలలు ఉన్న ప్రతి దేశం నుంచీ అది కావాలి, కెనడా తప్ప. చదువుకి వచ్చేముందు తీసుకున్న పాతది పెట్టకండి, అక్కడ నివాసం ముగిశాక తీసుకున్నదే చెల్లుతుంది. మెడికల్ 2025 ఆగస్టు 21 నుంచి దరఖాస్తుతో పాటే ఇవ్వాలి, ఐఆర్‌సీసీ జాబితాలోని ప్యానెల్ డాక్టర్ దగ్గరే చేయించాలి. సీఈసీ వాళ్లకు బ్యాంకు నిల్వ చూపే పని లేదు. ఫీజు 2024 ఏప్రిల్ 30 నుంచి ఒక్కరికి 1,525 డాలర్లు ఉండేది, రెండేళ్లకోసారి పెంచుతున్నారు.

ఇప్పుడు అసలైన కాగితం, ఎంప్లాయర్ రిఫరెన్స్ లెటర్. ఒకబ్బాయి నాకు చూపించిన లెటర్‌లో రెండే వాక్యాలున్నాయి: ఇతను మా దగ్గర ఫలానా తేదీ నుంచి డెవలపర్‌గా చేస్తున్నాడు, కష్టపడే మనిషి. హెచ్‌ఆర్ వాళ్ల దృష్టిలో అది మంచి లెటరే. ఆఫీసర్‌కి మాత్రం అందులో వారానికి ఎన్ని గంటలో లేదు, జీతం లేదు, ఏం పని చేశాడో లేదు. లెటర్‌హెడ్ మీద ఇవన్నీ ఉండాలి: హోదా, చేరిన తేదీ, ఇప్పటికీ చేస్తున్నారో లేదో, వారపు గంటలు, ఏడాది జీతం, బెనిఫిట్లు, అయిదారు ముఖ్యమైన పనులు, సంతకం చేసినవాళ్ల పేరు, హోదా, ఫోన్, మెయిల్. పనుల్ని ఎన్‌ఓసీ పేజీలోంచి మక్కీకి మక్కీ దించకండి, ఆఫీసర్లకు ఆ వాక్యాలు కంఠతా వచ్చు. మీరు రాసిన కోడ్, మీరు పరీక్షించిన సిస్టం, మీ మాటల్లో ఉండాలి.

కంపెనీ పనుల వివరాలు ఇవ్వనంటే? మామూలు లెటర్ తీసుకుని, పనుల వివరం మేనేజర్ విడిగా సంతకం చేసి ఇచ్చేలా అడగండి. అదీ కాకపోతే ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు, టీ4లతో పాటు ఎందుకు ఇవ్వలేదో వివరించే ఉత్తరం, మీరు అడిగిన మెయిల్, కంపెనీ కాదన్న మెయిల్ జతచేయండి. ఉద్యోగం మానేసే రోజే లెటర్ తీసుకోవడం ఇంకా తేలిక.

9. సమర్పించే ముందు రాత్రి

ఫారాలు పీడీఎఫ్‌గా దించుకుని, వేరే మనిషి చేతికి ఇచ్చి చదివించండి. లెటర్‌లోని చేరిన తేదీ, ఫారంలోని తేదీ, మొదటి పే స్టబ్ తేదీ మూడూ కలుస్తున్నాయా? స్టడీ పర్మిట్ కోసం అప్పట్లో ఏజెంట్ నింపిన ఫారంలో ఏం రాశాడో తెలుసా? ఆ కాపీ తెప్పించుకోండి. అప్పుడొకటి, ఇప్పుడొకటి ఉంటే ప్రశ్న మీకే వస్తుంది. ఎవరికైనా డబ్బిచ్చి చేయిస్తుంటే, కన్సల్టెంట్ల కాలేజీ (ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ) పబ్లిక్ రిజిస్టర్‌లో వాళ్ల పేరు ఉందో లేదో ముందే చూడండి.

ఇన్విటేషన్ నాటి పాయింట్ల కంటే ఇప్పుడు తగ్గి, డ్రా కటాఫ్ కిందికి పోయి ఉంటే పెట్టకుండా డిక్లైన్ చేయడమే నయం. ఇన్విటేషన్ తర్వాత పుట్టినరోజు వచ్చి వయసు పాయింట్లు తగ్గితే మాత్రం కంగారు అక్కర్లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోరు.

10. సమర్పించాక

పీజీడబ్ల్యూపీ గడువు దగ్గరపడితే, అది ఉండగానే బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కి (పీఆర్ నిర్ణయం వచ్చేదాకా పని చేసుకోనిచ్చే పర్మిట్) పెట్టండి. దరఖాస్తు అందినట్టు వచ్చే లెటర్ దీనికి కావాలి. ప్రొఫైల్ వేస్తేనో, ఇన్విటేషన్ వస్తేనో ఇది దొరకదు.

మధ్యలో పెళ్లి కుదిరితే పెళ్లయిన వెంటనే వెబ్‌ఫారంలో తెలియజేయండి, భార్య లేదా భర్త ఇప్పుడు కెనడా రాకపోయినా సరే. పీఆర్ చేతికొచ్చేలోపు చెప్పని జీవిత భాగస్వామిని, బిడ్డను తర్వాత స్పాన్సర్ చేయడం దాదాపు మూసుకుపోయిన దారి. "ఫైలు ఆలస్యమవుతుందేమో" అని దాచినవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి బాధపడ్డారు.

చివర్లో పోర్టల్ లింకు వస్తుంది, కెనడాలో ఉన్నట్టు నిర్ధారించి ఫొటో ఎక్కిస్తే ఎలక్ట్రానిక్ కన్ఫర్మేషన్ ఇస్తారు. అందులో పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడండి. పీఆర్ కార్డు చేతికొచ్చేదాకా దేశం దాటకపోవడం మేలు, దాటితే తిరిగి విమానం ఎక్కడానికి విడిగా ట్రావెల్ డాక్యుమెంట్ తీసుకోవాలి. ఆ వారమే సర్వీస్ కెనడాకి వెళ్లి 9తో మొదలయ్యే పాత సిన్ మార్పించుకోండి, కొత్త నంబరు అదే రోజు పేరోల్ వాళ్లకు, బ్యాంకుకు ఇచ్చేయండి.